రోల్ నంబరు పిలిచిన తర్వాత

డిగ్రీ ఎకనామిక్స్ క్లాసు. లెక్చరరు బోర్డు దగ్గర నుంచి ఇటు తిరిగి, ‘వాట్ ఈజ్ ప్రైస్ ఎలాస్టిసిటీ?’ అని అడిగి, అటెండెన్స్ రిజిస్టరులో వేలు ఆగిన చోటున్న నంబరు పిలుస్తారు. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేస్తుంది. అరవై తలలు అటు తిరుగుతాయి. ఆమె బెంచీ అంచు పట్టుకుంటుంది, చున్నీ కొస వేలికి చుట్టుకుంటుంది, పెదాలు కదులుతాయి, మాట మాత్రం బయటికి రాదు. ఈలోగా వెనక నుంచి ఎవరో జవాబు గొణుగుతారు, ఇంకెవరో కిసుక్కుమంటారు. ‘సిట్ డౌన్. నెక్స్ట్.’ ఇదే ప్రశ్నకు స్లిప్ టెస్టులో ఆమె మంచి మార్కులే తెచ్చుకుని ఉండొచ్చు. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర పడిపోయినప్పుడు లారీ బాడుగ కూడా రాదని పంటను చేలోనే వదిలేసిన ఇంటి పిల్లయితే, ధరకూ సరుకుకూ ఉన్న లంకె ఆమెకు పుస్తకం తెరవకముందే తెలిసి ఉంటుంది. కర్నూలు, కడప జిల్లాల కాలేజీల్లో ఇది రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ దీన్ని సంఘటనగా లెక్కపెట్టరు. స్టాఫ్ రూములో మాత్రం మూడు తీర్పులు సిద్ధంగా ఉంటాయి: వీళ్లు చదవరు, వీళ్లకు భయం, వీళ్లకు ఇంగ్లీషు రాదు. మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ మూడూ తప్పును నిలబడ్డ మనిషిలోనే వెతుకుతాయి. నోరు పెగలకపోవడానికి ఎక్కువ కారణం మనం ప్రశ్న అడిగే పద్ధతిలో ఉందనీ, అడగడం మానకుండానే ఆ పద్ధతిని మార్చుకోవచ్చనీ ఈ వ్యాసం వాదన.

ముందు శరీరం సంగతి. మనిషిని ఒత్తిడికి గురిచేసి కొలవాలనుకున్న శాస్త్రవేత్తలు చాలా పద్ధతులు ప్రయత్నించారు. వాటిలో బాగా స్థిరపడింది 1993లో జర్మనీలోని ట్రియర్‌లో రూపొందించిన పరీక్ష. అందులో కరెంటు షాకులు, చన్నీళ్లు ఏమీ ఉండవు. ముక్కూమొహం తెలియని ఇద్దరు ముగ్గురి ముందు నిలబడి కాసేపు మాట్లాడాలి, తర్వాత నోటిలెక్క చెప్పాలి, వాళ్లు మొహంలో ఏ భావమూ లేకుండా చూస్తూ ఉంటారు. అంతే, ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. ఇలాంటి 208 ప్రయోగశాల అధ్యయనాలను 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు పరిశోధకులు కలిపి పరిశీలించారు. ఇతరులు మనల్ని తూకం వేస్తున్నారన్న భావనకు పరిస్థితి మన చేతిలో లేదన్న భావన తోడైనప్పుడే శరీరం అన్నిటికంటే గట్టిగా స్పందిస్తుందని తేలింది. రోల్ నంబరు పిలిచే పద్ధతిలో ఈ రెండూ పుష్కలంగా ఉన్నాయి. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, ఏం అడుగుతారో తెలియదు, తప్పించుకునే దారి లేదు, అరవై మంది చూస్తున్నారు. అలాంటి సమయంలో మాటల్ని వెతికి, వరుసలో పెట్టి, వాక్యంగా పలికించే పని మెదడుకు కష్టమవుతుంది. ‘మైండ్ బ్లాంక్ అయింది సార్’ అని విద్యార్థి చెప్పే మాట సాకు కాదు, చాలావరకు ఉన్నదున్నట్టు చెప్పిన మాటే.

1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో ముఖ్యమైన సంగతి చూపించాడు. బాగా అలవాటైన పనిని జనం ముందు చేస్తే ఇంకా బాగా చేస్తాం, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పనిని జనం ముందు చేస్తే చెడగొట్టుకుంటాం. ఇంట్లో అమ్మతో ఉల్లి ధర గురించి గలగలా మాట్లాడే అమ్మాయి, అదే విషయాన్ని నిన్న నేర్చుకున్న పదాలతో, వచ్చీరాని భాషలో చెప్పాల్సి వచ్చేసరికి ఎందుకు కొయ్యబారిపోతుందో దీంతో అర్థమవుతుంది. దానికి తోడు గడియారం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1960ల చివరి నుంచి సైన్సు క్లాసుల టేపులు వింటూ లెక్కగట్టింది. ప్రశ్న అడిగాక టీచరు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచగానే జవాబులు పొడవయ్యాయి, ‘తెలియదు’ అనేవాళ్లు తగ్గారు, అన్నిటికంటే ముఖ్యంగా మందమతులని టీచర్లు ముద్ర వేసినవాళ్లు నోరు విప్పారు. ఆమె విన్నది ఇంగ్లీషులోనే నడిచే అమెరికన్ క్లాసుల్ని. మన దగ్గర ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది, దాన్ని తెలుగులోకి తెచ్చుకోవాలి, జవాబు తెలుగులో తట్టాలి, తిరిగి ఇంగ్లీషులో కూర్చుకోవాలి. ఈ నాలుగు పనులకూ ఒక్క సెకను ఇచ్చి, చేతకాలేదని కూర్చోబెట్టేస్తున్నాం.

ఇప్పుడు ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్లు ఎవరో చూడాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అంతకుముందు ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నవి తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాల పీజీ కేంద్రాలు. యూనివర్సిటీ ఇంటి దగ్గరికి రావడంతో, దూరం పంపని ఇళ్ల ఆడపిల్లలూ, ఇంట్లో మొదటిసారి డిగ్రీ మొహం చూసేవాళ్లూ బస్సు పాసు తీసుకుని వచ్చి కూర్చున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, స్త్రీలలో సగానికి అటూ ఇటూ. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి వానలు లేని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు సుగ్గి పోతాయి. వెంట పిల్లలూ పోతారు, బడిలో నెలలకు నెలలు ఖాళీలు పడతాయి. సరిహద్దు మండలాల్లో ఇంటి భాష కన్నడం, కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ. ఇక బడి విషయానికొస్తే, పదో తరగతి పబ్లిక్ పరీక్షకు గానీ ఇంటర్ థియరీ పేపర్లకు గానీ నోరు తెరవాల్సిన పని లేదు. సైన్సువాళ్లకు ప్రాక్టికల్స్ వైవా ఒక్కటి ఉంటుంది, దాన్ని ఎవరెంత సీరియస్‌గా నడుపుతారో అందరికీ తెలిసిందే. ఆపైన ఇంజనీరింగ్ ఎంట్రన్సు: 160 ప్రశ్నలు, మూడు గంటలు, ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. పన్నెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నందుకు మార్కులిచ్చిన చదువు పదమూడో ఏట లేచి మాట్లాడమంటుంది. మాట్లాడితే ఆశ్చర్యపోవాలి గానీ మాట్లాడకపోతే కాదు.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం భాషది. ‘చిన్నప్పటి నుంచే ఇంగ్లీషు మీడియం పెడితే ఈ గొడవ ఉండదు’ అంటారు. ప్రభుత్వం కూడా అలాగే ఆలోచించింది. 2019 నవంబరులో జీవో 81 తెచ్చి బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టబోయింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. డిగ్రీలో మాత్రం 2021-22 నుంచి అన్ని కాలేజీలూ ఇంగ్లీషు మీడియమే అన్నారు. బడిలో తెలుగు చదివినవాడు కాలేజీ గడప తొక్కగానే మాధ్యమం మారిపోయింది. అప్పటికి తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టి అర్ధశతాబ్దం. ఇంగ్లీషు నేర్పడానికి నేను వ్యతిరేకిని కాను. పల్లె పిల్లలకు దాన్ని దూరం చేసి, మన పిల్లల్ని మాత్రం కాన్వెంటుకు పంపుకునే కపటం నాకూ నచ్చదు. కానీ మౌనానికి కారణం ఇంగ్లీషొక్కటే అయితే, తెలుగు మీడియం నడిచిన రోజుల్లో క్లాసులు మాటలతో మోగిపోయి ఉండాలి. అలా మోగిపోయిన దాఖలా ఎవరూ చూపించలేరు. అప్పుడూ లెక్చరరు నోట్సు చెప్పాడు, విద్యార్థి రాసుకున్నాడు. ఇంగ్లీషు వచ్చి ఆ గోడను ఇంకో బారెడు ఎత్తు చేసింది, అంతే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ విషయం కూడా ఇలాగే ఆలోచించాలి. 2008లో మొదలైన ఆ క్యాంపస్‌కు పదో తరగతి మార్కులతో పల్లె బడుల నుంచి ఏరి తెస్తారు. తన బడిలో ఫస్టు వచ్చినవాడు, ఫస్టు వచ్చినవాళ్లే నిండిన గదిలోకి వస్తాడు. అతనికి భాషతో పాటు పరువు కూడా బరువే. అక్కడ తప్పు చెప్తే జవాబొక్కటే పోదు, ఊళ్లో తనకున్న పేరంతా పోయినట్టుంటుంది.

పరువు మాట వచ్చింది గనుక కులం మాట దాటవేయకూడదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో బడి పిల్లలకు కాగితం మీద చిక్కుదారుల ఆటలిచ్చారు. ఎవరి కులమేమిటో బయటికి చెప్పనప్పుడు అగ్రకులాల పిల్లలూ, దళిత కులాల పిల్లలూ ఒకే స్థాయిలో పరిష్కరించారు. పేరూ కులమూ అందరి ముందు చదివిన తర్వాత దళిత పిల్లల ఫలితాలు పడిపోయాయి. తెలివి అదే, ఆట అదే, మారింది గదిలో గాలి. 2004లో ప్రపంచ బ్యాంకు పత్రంగా వచ్చిన ఈ పరిశోధన మన క్లాసురూముకు చాలా దగ్గరిది. స్కాలర్‌షిప్ ఫారాల కోసం ఫలానా కేటగిరీ వాళ్లు లేచి నిలబడండి అని పాఠం మధ్యలో కేకేసే అలవాటు మన కాలేజీల్లో ఉంది. అలా లేపి కూర్చోబెట్టిన పది నిమిషాలకు అదే విద్యార్థిని ప్రశ్నకు లేపుతారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష ఆరోపణలపై విచారించిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలోనూ రాత పరీక్ష కంటే వైవాల మీదే ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల గోడు ఎక్కువగా వినిపిస్తుంది. నోటితో చెప్పేచోట ఎదుటివాడి కళ్లు కూడా మార్కులేస్తాయి. ఆడపిల్లల విషయంలో దీనికి ఇంకో పొర. ఎదురు మాట్లాడకపోవడమే మంచితనమని ఇరవై ఏళ్లు నేర్పిన ఇల్లు, లేచి గట్టిగా చెప్పమనే క్లాసు, రెండింటి మధ్యా రోజూ బస్సు దిగాల్సింది ఆమే. యాస గురించి మాత్రం అనుకున్నంత భయం అక్కర్లేదనుకుంటాను. ‘ఉండాది’, ‘వస్తాండా’ అంటే కర్నూలు క్లాసులో నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు, అందరిదీ అదే యాస. ఆ నవ్వు హైదరాబాదులోనో బెజవాడలోనో ఎదురవుతుంది, అది వేరే లెక్క.

‘సీమవాళ్లు మొరటుగా మాట్లాడతారు గానీ సభలో మాట్లాడలేరు’ అనే మాట ఒకటి వింటుంటాం. స్వభావం మీద వేసే ఈ నింద చరిత్ర ముందు నిలవదు. 1885లో సురభి నాటక సమాజం పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో. వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన ఆ కుటుంబంలో పిల్లలు నడక వచ్చీరాకముందే రంగస్థలం ఎక్కారు. ముందు చిన్న వేషం, తర్వాత రెండు మాటల వేషం, ఆ తర్వాతే పెద్ద పాత్ర. ఇక అవధానం. పొద్దుటూరు పేరు చెప్తే బంగారం అంగళ్లు గుర్తొచ్చేవాళ్లకు గడియారం వెంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేసింది ఆ ఊరివాళ్లుగానే అని గుర్తు చేయాలి. అడిగిందే తడవుగా, సభ మధ్యలో, ఛందస్సులో జవాబు చెప్పే విద్య అది. ప్రపంచంలో ఇంత కఠినమైన మౌఖిక పరీక్షలు ఎన్నో ఉండవు. అయితే దాని నడక దగ్గరగా చూస్తే మనకు పనికొచ్చేది ఒకటి కనిపిస్తుంది. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి అవధాని పద్యమంతా అక్కడికక్కడే అప్పజెప్పడు. మొదటి ఆవృత్తిలో ఒక పాదం చెప్పి పక్క పృచ్ఛకుడి దగ్గరికి పోతాడు. మళ్లీ తన వంతు తిరిగి వచ్చేదాకా రెండో పాదానికి వ్యవధి దొరుకుతుంది. నిషిద్ధాక్షరి అంటే ఏం జరుగుతుందో, దత్తపది అంటే ఏం అడుగుతారో ముందే తెలుసు, తెలియనిది వస్తువు మాత్రమే. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఎంత చికాకు పెట్టినా, సభ అవధాని నెగ్గాలనే కోరుకుంటుంది, పద్యం పూర్తయితే చప్పట్లు కొడుతుంది. వ్యవధి, తెలిసిన నియమాలు, పక్కన నిలిచే సభ, జంటకవులైతే భుజం కలిపే తోడు. శతావధానులకే ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న సంస్కృతి, పంతొమ్మిదేళ్ల పిల్లకు ఒక్కటీ ఇవ్వకుండా లేచి చెప్పమంటోంది.

భాష అభ్యంతరం అలా ఉంచితే, అసలు అడగడమే వద్దనే ఇంకో అభ్యంతరం ఉంది, అది దయగలవాళ్లది. అంత బాధపడేవాళ్లను ఎందుకు లేపడం, ఇష్టమైనవాళ్లే చేయెత్తి చెప్తారు కదా అంటారు. వినడానికి బాగుంది. కార్ప్, యోల్స్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1976లో అమెరికన్ కాలేజీ క్లాసుల్ని చూసి రాసినదాని ప్రకారం, 40 మందిలోపు ఉన్న తరగతుల్లో జరిగే సంభాషణలో ముప్పాతిక వంతు నలుగురైదుగురిదే. మిగతావాళ్లు మాట్లాడే బాధ్యతను వాళ్లకు అప్పగించి నిశ్చింతగా ఉంటారు. ఆ నలుగురైదుగురు ఎవరవుతారో మన క్లాసులో ఊహించడం కష్టమేమీ కాదు: టౌనువాళ్లు, కాన్వెంటువాళ్లు, ఎక్కువగా మగపిల్లలు. ఎవరినీ పిలవకపోవడమంటే మాట్లాడే హక్కును వాళ్లకే రాసివ్వడం. డాలిమోర్, ఆమె సహ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పేరు పెట్టి తరచూ పిలిచే క్లాసుల్లోనే కాలక్రమంలో విద్యార్థులు తమంతట తాము ఎక్కువగా మాట్లాడారనీ, బెరుకు తగ్గిందనీ తేలింది. మరోవైపు 2018లో కూపర్, డౌనింగ్, బ్రౌనెల్ పెద్ద సైన్సు తరగతుల విద్యార్థులతో మాట్లాడితే, హఠాత్తుగా పిలుస్తారన్న ఆలోచనే ఆందోళన పెంచుతోందని వాళ్లు చెప్పారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి, కానీ నాకలా అనిపించదు. ఒకటి పిలవడం గురించి, ఇంకొకటి హఠాత్తు గురించి. పిలుపు ఉండాలి, ఆ హఠాత్తు పోవాలి.

ఉద్యోగాల సంగతేమిటని మూడోవాళ్లు అడుగుతారు. బెంగళూరు కంపెనీ ఇంటర్వ్యూలో మూడు సెకన్లు ఆగుతారా, జంటగా చెప్పనిస్తారా, ఇక్కడే రాటుదేలితే మంచిది కదా? ఈ వాదనలో బలం ఉంది, చులకన చేయను. కానీ మూడేళ్లలో ఒకే విద్యార్థిని పదిసార్లు లేపి పదిసార్లూ మాట్లాడకుండానే కూర్చోబెడితే అతను రాటుదేలింది దేంట్లో? తల దించుకోవడంలో, లెక్చరరు కంట పడని బెంచీ వెతుక్కోవడంలో, ప్రశ్నలడిగే సారు క్లాసుకు డుమ్మా కొట్టడంలో. జాయన్స్ చెప్పిందే మళ్లీ వర్తిస్తుంది. ముందు పని అలవాటు కావాలి, జనం ఆ తర్వాత రావాలి. వరుస తిరగేసి, చివరి ఏడాదిలో రెండు రోజుల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు పెట్టి, భుజాలు నిటారుగా పెట్టండి, కళ్లలోకి చూడండి అని చెప్పిస్తే, మాట్లాడటానికి విషయం లేని ధైర్యం వస్తుందేమో గానీ విషయం మాట్లాడటం రాదు. పైగా ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు ఏవో అందరికీ ముందే తెలుసు, కుర్రాళ్లు గదుల్లో అవే వల్లె వేసుకుని పోతారు. క్లాసులో అడిగేది అంతకంటే అనూహ్యం.

అధ్యాపకుల వైపు నుంచి కూడా చూడాలి. గెస్ట్ లెక్చరరుగా, కాంట్రాక్టు మీద పనిచేసే మనిషికి సిలబస్ పూర్తి కావడమే కొలమానం. ప్రశ్నలు, జవాబులంటూ కూర్చుంటే యూనిట్లు మిగిలిపోతాయి. పైకి చెప్పుకోని కారణం ఇంకొకటుంది. ఈ లెక్చరర్లలో చాలామంది ఇవే బెంచీల మీద నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లీషులో చర్చ మొదలైతే ఎక్కడ తడబడతామోనన్న బెదురు వాళ్లకూ ఉంటుంది. అందుకే నోట్సు డిక్టేట్ చేయడం ఇద్దరికీ అనుకూలమైన ఒప్పందమైపోయింది. ఇంకో హద్దు కూడా ఒప్పుకోవాలి. పద్ధతి మార్చితే అందరి నోరూ తెరుచుకుంటుందని నేననడం లేదు. నత్తి ఉన్నవాళ్లున్నారు, మనుషుల ముందుకు రావాలంటేనే రోజుల తరబడి నిద్ర పట్టనంత ఆందోళన పడేవాళ్లున్నారు. వాళ్లకు కావాల్సింది లెక్చరరు ఓపిక ఒక్కటే కాదు, వైద్యం. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీద అంటించడానికి ఏ కాలేజీకీ ఖర్చు కాదు. మార్కుల మాటకొస్తే, నోటితో చెప్పినదానికి ఇంటర్నల్స్‌లో వాటా ఇవ్వాలనే ప్రతిపాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అడిగే పద్ధతి మారేదాకా అది వద్దని నా అభిప్రాయం. ఇప్పుడున్న స్థితిలో అది మౌనానికి జరిమానా వేసినట్టే.

ఎలా అడగాలన్నది బ్రహ్మవిద్య కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మాజూర్ 1990ల మొదట్లో తన ఫిజిక్స్ క్లాసులో ప్రశ్న వేసి, ముందు ఎవరి జవాబు వాళ్లు ఎంచుకోమని, తర్వాత పక్కవాడితో వాదించుకోమని చెప్పి, ఆ తర్వాతే అందరి ముందు మాట్లాడించాడు. కర్నూలు క్లాసులో ఆ పక్కవాడితో వాదన తెలుగులోనో, ఉర్దూలోనో, ఆదోని వైపు కన్నడంలోనో నడవనివ్వాలి, ఇంగ్లీషు చివరి మెట్టుగా రావాలి. రేపు ఏ వరుసను అడుగుతారో ఈ రోజే చెప్పొచ్చు. లేచినవాళ్లు ‘మేమిద్దరం ఇలా అనుకున్నాం’ అని మొదలుపెట్టొచ్చు, అప్పుడు తప్పయినా ఒక్కరి నెత్తిన పడదు. సగం జవాబు చెప్పినా తీసుకుని, మిగతా సగం ఇంకొకరిని అడగొచ్చు. కిసుక్కుమన్నవాణ్ణి చూసీచూడనట్టు వదిలేయకుండా ఆపాల్సింది మాత్రం లెక్చరరే, ఆ పని ఏ పద్ధతీ చేసిపెట్టదు. వీటిలో దేనికీ జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. ఇక టైము. రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట, ముగ్గురికి తలా అర నిమిషం జవాబు, మధ్యలో ఆగే సెకన్లు, అన్నీ కలిపినా యాభై నిమిషాల పీరియడ్‌లో ఐదు నిమిషాలు దాటదు. అరవై మందికి అటెండెన్స్ పిలవడానికి ఇప్పుడు పడుతున్నదీ దాదాపు అంతే.